భారతదేశంలో లారీల బరువు పరిమితులు, డ్రైవర్ల లైసెన్సు అర్హతలు

సరుకు రవాణా వాహనం ఎంత బరువుతో రోడ్డెక్కవచ్చు, దాన్ని నడిపేవారికి ఏ లైసెన్సు ఉండాలి అన్న రెండు విషయాలనూ భారతదేశంలో ప్రధానంగా మోటారు వాహనాల చట్టం, 1988, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 నిర్ణయిస్తాయి. మొదటిది రోడ్డుకూ వంతెనకూ సంబంధించిన ఇంజనీరింగ్ లెక్క. రెండోది మనిషి నైపుణ్యం, వయసు, ఆరోగ్యాలకు సంబంధించినది. ఈ రెండూ కలిసే చోట చట్టం పెట్టిన హద్దు 7,500 కిలోలు. ఆ హద్దుకు ఇవతల ఉన్న బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చా లేదా అన్న ప్రశ్న 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వచ్చే వరకు తేలలేదు.

నిర్వచనాలు

ఖాళీ బరువు: సరుకు, డ్రైవరు, సహాయకుడు లేకుండా, పనిలో ఉన్నప్పుడు మామూలుగా ఉండే సామగ్రితో కలిపి వాహనం తూగే బరువు.

మొత్తం బరువు: వాహనం, సరుకు కలిసి ఎంత వరకు ఉండవచ్చో రిజిస్టరింగ్ అధికారి ధ్రువీకరించి నమోదు చేసిన పరిమితి. పత్రాల్లో దీన్ని జీవీడబ్ల్యూ అని రాస్తారు. లారీ యజమానులు, డ్రైవర్లు ‘పాసింగ్’ అంటారు. కాటా మీద ఆ రోజు బండి తూగిన బరువు వేరు, ఈ బరువు వేరు. లారీ ఖాళీగా వెళ్తున్నా దాని తరగతి మారదు.

ఇరుసు భారం: ఒక ఇరుసుకు అమర్చిన చక్రాలన్నీ కలిసి నేల మీద మోపే బరువు. వాడుకలో యాక్సిల్ లోడు. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా, సరుకు వెనక్కి జరిగి ఒక ఇరుసు మీద పరిమితి దాటితే అదీ ఉల్లంఘనే.

మోయగల సరుకు: మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేది. చట్టం దీనికి విడిగా పరిమితి పెట్టలేదు. అందుకే బాడీ కట్టించేటప్పుడు ఎక్కువ ఇనుము వాడితే ఆ మేరకు కిరాయి వచ్చే సరుకు తగ్గుతుంది.

చరిత్ర

బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తించిన తొలి మోటారు వాహనాల చట్టం 1914 నాటిది. పద్దెనిమిదేళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదన్న నియమం అందులోనే ఉంది. దాని స్థానంలో 1939 చట్టం, తర్వాత 1988 చట్టం వచ్చాయి. 1988 చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది.

లైసెన్సుల విషయంలో అసలు మలుపు 1994 సవరణ. అప్పటివరకు తేలికపాటి మోటారు వాహనానికి పైహద్దు 6,000 కిలోలు. సవరణ దాన్ని 7,500కు పెంచింది. అంతకుముందు లైసెన్సుల్లో మధ్యస్థ సరుకు వాహనం, మధ్యస్థ ప్రయాణికుల వాహనం, భారీ సరుకు వాహనం, భారీ ప్రయాణికుల వాహనం అని నాలుగు తరగతులుండేవి. అదే సవరణ ఆ నాలుగింటినీ తీసేసి ‘రవాణా వాహనం’ అనే ఒకే తరగతిని పెట్టింది. సెక్షన్ 10లో లైసెన్సు తరగతుల జాబితా నేటికీ (ఇ) నుంచి నేరుగా (ఐ)కి దూకుతుంది. మధ్యలో కనిపించని మూడు అక్షరాలు ఆ పాత తరగతులవే. వాహనాల నిర్వచనాల్లో మాత్రం మధ్యస్థ, భారీ అనే విభజన అలాగే ఉండిపోయింది. ఒకచోట తీసి ఇంకోచోట ఉంచడం వల్ల వచ్చిన అయోమయమే తర్వాతి వ్యాజ్యాలకు మూలం.

2019లో చట్టాన్ని మరోసారి విస్తృతంగా సవరించి జరిమానాలను అనేక రెట్లు పెంచారు.

బరువును బట్టి తరగతులు

మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనం తేలికపాటి మోటారు వాహనం. కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరు విషయంలో ఇదే హద్దును ఖాళీ బరువుకు వర్తింపజేస్తారు. మొత్తం బరువు 12,000 కిలోలు దాటితే భారీ సరుకు వాహనం. మధ్యలో ఉన్నది మధ్యస్థ సరుకు వాహనం. పల్లెల్లో, మార్కెట్ యార్డుల్లో తిరిగే టాటా ఏస్, బొలెరో పికప్, టాటా 407 వంటివన్నీ మొదటి తరగతిలోకి వస్తాయి. పది టైర్ల లారీలు, టిప్పర్లు, ట్రైలర్లు భారీ తరగతి.

తయారీ ప్రమాణాలు, వాహన పరీక్షల్లో వాడే విభజన వేరు. అక్కడ 3.5 టన్నుల వరకు ఎన్1, 3.5 నుంచి 12 టన్నుల వరకు ఎన్2, ఆపైన ఎన్3. పర్మిట్ల దగ్గర మరో హద్దు ఉంది: సెక్షన్ 66 ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. చిన్న సరుకు బండ్లు ఊరూరా పెరగడానికి ఈ మినహాయింపు, కారు లైసెన్సు సౌలభ్యం రెండూ తోడ్పడ్డాయని చెప్పవచ్చు.

లారీ మీద కనిపించే నమూనా సంఖ్యలోనూ ఈ బరువు దాగి ఉంటుంది. టాటా, అశోక్ లేలాండ్ భారీ లారీల్లో మొదటి రెండంకెలు సుమారుగా మొత్తం బరువును టన్నుల్లో, చివరి రెండంకెలు ఇంజను శక్తిని పదుల అశ్వశక్తిలో చెబుతాయి. 2518 అంటే 25 టన్నులు, 180 అశ్వశక్తి. రోడ్ల మీద 2518 స్థానంలో 2818, 3118 స్థానంలో 3518 రావడానికి కారణం కింద చెప్పబోయే 2018 మార్పు.

ఇరుసు భారం పరిమితులు

సెక్షన్ 58 కింద కేంద్ర ప్రభుత్వం ప్రతి రకం వాహనానికీ గరిష్ఠ సురక్షిత ఇరుసు భారాన్ని నోటిఫై చేస్తుంది. 1996 నోటిఫికేషన్ ప్రకారం రెండు టైర్ల ముందు ఇరుసుకు 6 టన్నులు, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు, ఎనిమిది టైర్ల జంట ఇరుసుకు 19 టన్నులు, పన్నెండు టైర్ల మూడిరుసుల కూర్పుకు 24 టన్నులు ఉండేవి. 2018 జులైలో వీటిని వరుసగా 7, 11.5, 21, 27 టన్నులకు పెంచారు.

మొత్తం బరువు సాధారణంగా ఇరుసుల పరిమితుల కూడికే. ఆరు టైర్ల లారీకి పాత లెక్కలో 6, 10.2 కలిపి 16.2 టన్నులు, కొత్త లెక్కలో 7, 11.5 కలిపి 18.5 టన్నులు. ఖాళీ బరువు ఆరున్నర టన్నులున్న బండి మునుపు 9.7 టన్నుల సరుకు మోసేది, ఇప్పుడు 12 టన్నులు మోయవచ్చు. మోసే సామర్థ్యం 20 నుంచి 25 శాతం పెరుగుతుందని ప్రభుత్వం అప్పట్లో చెప్పిన మాట ఈ లెక్కతో సరిపోతుంది. అతిపెద్ద ట్రాక్టరు-ట్రైలర్ల పరిమితి 49 టన్నుల నుంచి 55 టన్నులకు చేరింది.

రవాణా ఖర్చు తగ్గించడం, అంతర్జాతీయ ప్రమాణాలతో సమం కావడం ఈ పెంపునకు ప్రకటిత కారణాలు. వాహనాలు, రోడ్లు పూర్వంకన్నా మెరుగైనందువల్ల పాత పరిమితులకు కాలం చెల్లిందని దీన్ని సమర్థించినవారు వాదించారు. కొత్త పరిమితి మీదా అదనపు లోడు వేయడం మొదలవుతుందని, పాత కొలతలతో కట్టిన రోడ్లు, వంతెనలు తట్టుకోలేవని వ్యతిరేకించినవారు అన్నారు. లారీ యజమానుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి: ఉన్న సరుకును తక్కువ లారీలే మోసేస్తే మిగతావాటికి కిరాయిలు దొరకవన్నది వారిలో కొందరి ఆందోళన.

రోడ్డుపై ప్రభావం

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఒటావా పట్టణం దగ్గర 1958 నుంచి 1960 వరకు ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలను పదేపదే తిప్పి చేసిన ఆషో రోడ్డు పరీక్ష ఈ రంగంలో నేటికీ ఆధారం. రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు భారానికి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఆ పరీక్ష ఫలితాల నుంచి తేల్చారు. భారం రెట్టింపైతే నష్టం రెండింతలు కాదు, పదహారింతలు. పది టన్నుల ఇరుసు ఒకటి దాటినప్పుడు కలిగే అరుగుదలకు ఒక టన్ను ఇరుసులు పదివేలు దాటాలి. కార్ల వల్ల రోడ్డు అరిగే లెక్కను ఇంజనీర్లు దాదాపు పట్టించుకోకపోవడం ఇందుకే.

భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల్లో తారు రోడ్డు మందాన్ని లెక్కించడానికి 80 కిలోన్యూటన్ల, అంటే సుమారు 8,160 కిలోల ఒంటి ఇరుసును ప్రామాణికంగా తీసుకుంటారు. తిరిగే ప్రతి లారీనీ ఈ ప్రామాణిక ఇరుసుల సంఖ్యలోకి మారుస్తారు. నాలుగో ఘాతం సూత్రం ప్రకారం 10.2 టన్నుల ఇరుసు బదులు 11.5 టన్నుల ఇరుసు దాటితే నష్టం దాదాపు 60 శాతం ఎక్కువ. భారం పెరిగింది మాత్రం 13 శాతం లోపే. అయితే అదే సరుకును తక్కువ ట్రిప్పుల్లో చేరవేస్తారు కనుక నికర నష్టం ఇంత ఉండదు. వంతెనల లెక్క దీనికి భిన్నం. అక్కడ ఇరుసుల మధ్య దూరం కూడా ముఖ్యం.

తూకం, తనిఖీ, జరిమానా

సెక్షన్ 113 రిజిస్టరైన బరువుకు మించి వాహనాన్ని నడపడాన్ని, నడపనివ్వడాన్ని నిషేధిస్తుంది. అనుమానం వస్తే రవాణా శాఖ అధికారి సెక్షన్ 114 కింద బండిని కాటాకు తీసుకురమ్మని ఆదేశించవచ్చు. కాటా ముందు దారిలో పది కిలోమీటర్ల లోపు గానీ, గమ్యానికి ఇరవై కిలోమీటర్ల లోపు గానీ ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో ఈ తనిఖీ ప్రధానంగా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ల పని. పాతతరం డ్రైవర్లు వారిని ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లనే పిలుస్తారు. జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో కదులుతున్న బండినే తూచే యంత్రాలను కూడా అమర్చారు.

2019 సవరణకు ముందు అధిక లోడుకు జరిమానా 2,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 1,000 రూపాయలు. 2019 సెప్టెంబరు 1 నుంచి చట్టంలో ఇది 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000 రూపాయలు అయింది. అదనపు సరుకు దించే ఖర్చు కూడా జరిమానా కట్టేవారిదే. దించేదాకా బండి కదలరాదు. సరుకు పక్కలకు, ముందుకు, వెనక్కు లేదా ఎత్తులో పరిమితి దాటినా 20,000 రూపాయలు. తూకానికి ఆపకుండా వెళ్లిపోతే 40,000. కేసు కోర్టుకు వెళ్లకుండా కట్టే రాజీ రుసుమును నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఉంది.

జరిమానా కట్టించుకుని అదే లోడుతో బండిని పంపేయడం ఒకప్పుడు మామూలు. కొన్ని రాష్ట్రాలు ముందుగానే రుసుము తీసుకుని ‘గోల్డ్ కార్డులు’ జారీ చేశాయి. పరంజీత్ భాసిన్ కేసులో 2005 నవంబరు 9న సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. జరిమానా చెల్లించినంత మాత్రాన అధిక లోడుతో సాగిపోయే హక్కు రాదని, సరుకు దించాల్సిందేనని చెప్పింది. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో, అధిక లోడుతో పట్టుబడిన డ్రైవరు లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇందులో ఒక అసమానత ఉంది. లోడు ఎంత వేయాలో ఎక్కువగా తేల్చేది సరుకు యజమాని, లారీ యజమాని. లైసెన్సు పోయేది డ్రైవరుది. చట్టం నడిపించినవారిని, నడపనిచ్చినవారిని కూడా బాధ్యులను చేస్తున్నా, రోడ్డు మీద అధికారికి దొరికేది డ్రైవరే.

ముక్కలు చేయలేని సరుకు, అంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, టర్బైన్లు, గాలిమర రెక్కల వంటివి, ఈ పరిమితులకు లోబడవు. వాటికి ప్రత్యేక అనుమతి, ఎక్కువ ఇరుసులున్న హైడ్రాలిక్ ట్రైలర్లు అవసరమవుతాయి.

భారీ వాహనం లైసెన్సు

వాడుకలో ‘హెవీ లైసెన్సు’ అనేది చట్టం ప్రకారం రవాణా వాహనం నడిపే అనుమతి. దీనికి కనీస వయసు 20 ఏళ్లు. అంతకుముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు ఉండి ఉండాలి. అది లేకుండా సెక్షన్ 7 ప్రకారం హెవీకి నేర్చుకునేవారి లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు. ఫారం 1-ఏలో వైద్య ధ్రువపత్రం, గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 తప్పనిసరి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్షకు హాజరు కావచ్చు.

ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమాన్ని 2019లో ఎత్తేశారు. చదువు లేకపోయినా క్లీనరుగా చేరి ఏళ్లుగా పని నేర్చుకున్నవారికి ఇది దారి తెరిచింది. సూచికలు చదవలేనివారు రోడ్డుకు ప్రమాదమని అభ్యంతరాలూ వచ్చాయి. నైపుణ్య శిక్షణను గట్టిగా అమలు చేయడమే దానికి సమాధానమని ప్రభుత్వం చెప్పింది.

రవాణా వాహనం లైసెన్సు మునుపు మూడేళ్లు చెల్లేది. 2019 సవరణ తర్వాత ఐదేళ్లు. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి.

శిక్షణ: సాధారణ డ్రైవింగ్ స్కూళ్లలో భారీ వాహనాల కోర్సు కనీసం 30 రోజులు, అందులో స్టీరింగ్ పట్టి నడిపే సమయం 15 గంటలకు తగ్గరాదు. 2021 జులై 1 నుంచి అమలైన గుర్తింపు శిక్షణ కేంద్రాల విధానంలో భారీ, మధ్యస్థ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు; అక్కడ ఉత్తీర్ణులైతే ఆర్టీఓ కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో భారీ వాహనాల శిక్షణ కేంద్రం ఉంది.

ప్రమాదకర సరుకు: పెట్రోలు, గ్యాస్, ఆమ్లాల వంటివి మోసే ట్యాంకర్ల డ్రైవర్లకు నిబంధన 9 ప్రకారం అదనంగా మూడు రోజుల కోర్సు ధ్రువపత్రం కావాలి. ఎనిమిదో షెడ్యూలులోని ఒక భారతీయ భాష, ఇంగ్లిషు చదవడం, రాయడం వచ్చి ఉండాలి. ఈ అనుమతి మూడేళ్లే చెల్లుతుంది.

పనిగంటలు: 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. ఒకరిద్దరే ఉండే సుదూర లారీల్లో ఇది కాగితానికే పరిమితమైన నియమంగా మిగిలింది.

7,500 కిలోల వివాదం

కారు లైసెన్సున్న వ్యక్తి చిన్న సరుకు బండి నడుపుతూ ప్రమాదం చేస్తే, ‘రవాణా వాహనం’ అనుమతి లేదన్న కారణంతో బీమా కంపెనీలు పరిహారం నిరాకరించేవి. బండి తేలికపాటి తరగతిలోనూ ఉంది, రవాణా వాహనమూ అయింది. ఏ లైసెన్సు కావాలో 1994 సవరణ స్పష్టంగా చెప్పలేదు. సుప్రీంకోర్టులోనే వేర్వేరు ధర్మాసనాలు భిన్నంగా తీర్పులిచ్చాయి.

ముకుంద్ దేవాంగన్ కేసులో 2017 జులై 3న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనానికి తేలికపాటి వాహనం లైసెన్సు చాలునని, ప్రత్యేక అనుమతి అవసరం లేదని తేల్చింది. దాన్ని అనుసరించి 2018లో కేంద్రం రాష్ట్రాలకు సూచనలు పంపింది. చట్టంలోని కొన్ని సెక్షన్లను ఆ తీర్పు పరిగణించలేదని బీమా కంపెనీలు పట్టుబట్టడంతో విషయం ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. బజాజ్ అలయన్జ్ వర్సెస్ రంభా దేవి కేసులో 2024 నవంబరు 6న ధర్మాసనం ఏకగ్రీవంగా 2017 నాటి నిర్ణయాన్నే సమర్థించింది. తీర్పు రాసినది జస్టిస్ హృషీకేశ్ రాయ్. ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ కూడా ఉన్నారు. రవాణా వాహనాలకు చట్టం విధించిన అదనపు అర్హతలు 7,500 కిలోలు దాటిన మధ్యస్థ, భారీ వాహనాలు నడపదలచిన వారికే వర్తిస్తాయని ధర్మాసనం స్పష్టం చేసింది. తేలికపాటి రవాణా వాహనాలే రోడ్డు ప్రమాదాలకు ముఖ్య కారణమని చూపే ఆధారాలేవీ తమ ముందుకు రాలేదని కూడా వ్యాఖ్యానించింది.

ఈ తీర్పుతో కింది హద్దు స్థిరపడింది. పైన మాత్రం చట్టంలో మెట్లు లేవు. సెక్షన్ 10 మాటల్లో చూస్తే ఎనిమిది టన్నుల లారీకీ, 55 టన్నుల ట్రైలరుకూ అదే ‘రవాణా వాహనం’ అనుమతి.

ట్రాక్టర్లు

వ్యవసాయ ట్రాక్టరు ఖాళీ బరువు 7,500 కిలోలకు చాలా తక్కువ కనుక అది తేలికపాటి వాహనమే. ట్రాలీ తగిలిస్తే రవాణా వాహనం అవుతుందా అన్న ప్రశ్న నాగశెట్టి కేసులో 2001లో సుప్రీంకోర్టుకు వచ్చింది. ట్రాక్టరు నడిపే లైసెన్సు ట్రాలీ తగిలించినంత మాత్రాన చెల్లకుండా పోదని కోర్టు చెప్పింది. వరి కోతల కాలంలో ధాన్యం ట్రాలీలు రోడ్లెక్కే తెలుగు జిల్లాల్లో బీమా పరిహారం కేసుల్లో ఈ తీర్పు ప్రస్తావనకు వస్తుంటుంది.

ఇతర దేశాల్లో

యూరోపియన్ యూనియన్‌లో కారు లైసెన్సు హద్దు సాధారణంగా 3.5 టన్నులు, అంటే భారత హద్దులో సగంకన్నా తక్కువ. అక్కడి నుంచి 7.5 టన్నుల వరకు సీ1, ఆపైన సీ, ట్రైలర్లకు సీఈ అని మెట్లున్నాయి. వృత్తి డ్రైవర్లు ఐదేళ్లకోసారి 35 గంటల శిక్షణ పొందాలి. ఇంజను శక్తి అందే ఇరుసుకు అక్కడి పరిమితి 11.5 టన్నులు, 2018లో భారత్ ఎంచుకున్న అంకె అదే.

అమెరికాలో వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు 1986 సమాఖ్య చట్టంతో వచ్చింది. తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు 26,001 పౌండ్లు, అంటే సుమారు 11,794 కిలోలు ఉన్న వాహనం నుంచి ఇది తప్పనిసరి. లాగే ట్రైలరు 10,000 పౌండ్లు దాటి, రెండూ కలిపి ఆ హద్దు చేరితే క్లాస్ ఏ. ఒంటి వాహనమైతే క్లాస్ బీ. ప్రమాదకర సరుకు మోసే, లేదా 16 మందికి గానీ అంతకు మించి గానీ సరిపడే చిన్న వాహనాలకు క్లాస్ సీ. రాష్ట్రం దాటి నడపాలంటే 21 ఏళ్లు నిండాలి. ఇంటర్‌స్టేట్ రహదారులపై సాధారణ గరిష్ఠ పరిమితి 80,000 పౌండ్లు, సుమారు 36.3 టన్నులు, ఒంటి ఇరుసుకు 20,000 పౌండ్లు, సుమారు 9 టన్నులు. అంటే ఇరుసు భారంలో అమెరికా భారత్‌కన్నా కఠినం, కారు లైసెన్సు హద్దులో భారత్‌కన్నా ఉదారం.

ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు డ్రైవర్లుగా వెళ్లేవారు అనేకులు. ఉద్యోగ వీసాపై నివసించేవారికి భారత హెవీ లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు. ఆ దేశపు నియమాల ప్రకారం భారీ వాహనాల లైసెన్సును విడిగా తీసుకోవాలి.